పాడేరు కాఫీ తోటలో 1994 ఎంఎం540 ఫోర్ బై ఫోర్, ఆరేళ్ళుగా కదల్లేదు. ప్రాజెక్టుగా కొనొచ్చా?

గోదారి_గట్టు
పాడేరు పైన ఒక కాఫీ తోటలో 1994 మోడల్ మహీంద్రా ఎంఎం540 జీపు ఉంది. ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలూ లాగే రకం అంటున్నారు. ఆరేళ్ళ నుంచి స్టార్ట్ చెయ్యలేదట. రేకుల షెడ్డు కింద ఉంది గానీ వెనక భాగానికి వాన జల్లు కొడుతోంది. ఆర్‌సీ ఓనరు తండ్రి పేరు మీద ఉంది, ఆయన కాలం చేశారు. రిజిస్ట్రేషన్ చివరిసారి 2019లో రెన్యువల్ చేయించారు, అది 2024తో అయిపోయింది. లక్షా డెబ్బై చెబుతున్నారు.

నేనుండేది రాజమండ్రి. ఇంటి వెనక షెడ్డు ఉంది, మా బావమరిది డీజిల్ మెకానిక్. నాకు తొందరేం లేదు. ఆదివారాలు కూర్చుని నట్టు నట్టూ విప్పి, కడిగి, మళ్ళీ కట్టుకోవాలని ఎప్పటి నుంచో కోరిక. వచ్చే ఆదివారం చూడ్డానికి వెళ్తున్నా. ఇంజిన్ జామ్ అయిపోయి ఉంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏమేం చూడాలో చెప్పండి.

బెజవాడ_బేరింగు
ఇంజిన్ గురించి టెన్షన్ అస్సలు వద్దు. అందులో ఉండేది ప్యూజో ఎక్స్‌డీపీ, 2112 సీసీ. లైనర్లు, అంటే పిస్టన్లు ఆడే గొట్టాలు, ఊడదీసి మార్చుకునే రకం. లైనర్-పిస్టన్ సెట్టు, బేరింగులు, గాస్కెట్లు మా ఆటోనగర్‌లో ఇప్పటికీ తెచ్చి ఇస్తారు. క్రాంక్ అరిగితే గ్రైండింగ్ చేస్తారు, హెడ్ వంగితే ఫేసింగ్ చేస్తారు. డబ్బుతో అయ్యే పని అది.

డబ్బుతో కానివి రెండు. ఒకటి కాగితాలు, రెండోది ఛాసిస్ (బండి అడుగున ఉండే ఇనుప చట్రం). ఈ రెండూ బాగుంటే ఇంజిన్ లేకపోయినా కొను. ఈ రెండూ బాగాలేకపోతే ఇంజిన్ గడియారంలా ఆడుతున్నా వదిలెయ్. నీ ప్రశ్నలో కాగితాల సంగతి రెండు ముక్కల్లో చెప్పి ఇంజిన్ దగ్గర ఆగావు. ఆ వరస తిరగెయ్యి.

నిజాం_నట్టు
నేను మాత్రం వద్దంటాను. లక్షా డెబ్బై ఇచ్చి, ఇంజిన్, టింకరింగ్, పెయింటు, టైర్లు, వైరింగ్, సీట్లు అన్నీ వేసుకుంటే ఎక్కడ తేలుతుందో చూడు. ఆ డబ్బుకి నడిచే బండి, కాగితాలు కరెంటులో ఉన్నది దొరుకుతుంది. దాని మీద ఆదివారాలు పని చేసుకో, ఎవరు కాదన్నారు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

లో_గేర్_లక్ష్మి
@నిజాం_నట్టు నడిచే బండి అని అమ్మేవాటిలో సగం పైన పెయింటు, లోపల పుట్టీ. షెడ్డులో పడున్న బండి ఎంత పాడైందో కళ్ళకు కనిపిస్తుంది, ఎవరూ దాన్ని అమ్మకానికి ముస్తాబు చెయ్యలేదు. మా నాన్న, నేను కలిసి కట్టిన జీపు అలాంటిదే. దాని తుప్పు మొత్తం మొదటి రోజే చూశాం, అందుకే ఖర్చు అంచనా పెద్దగా తప్పలేదు.

@గోదారి_గట్టు సుత్తి, టార్చి, వైర్ బ్రష్, అయస్కాంతం, కొలత టేపు, జాకీ తీసుకెళ్ళు. బండి కింద పడుకోవడానికి పాత దుప్పటి కూడా.

సుత్తితో ఛాసిస్‌ని చిన్నగా కొడుతూ ముందు నుంచి వెనక్కి రా. గట్టి ఇనుము ఖంగుమంటుంది. లోపల తినేసిన చోట డబ్ మని చచ్చు శబ్దం వస్తుంది. కమాన్ కట్టలు వేలాడే బ్రాకెట్ల దగ్గర, బాడీ బోల్టుల దగ్గర, అన్నిటికంటే వెనక క్రాస్ మెంబర్ (ఛాసిస్ రెండు పక్కల్నీ కలిపే అడ్డ కమ్మి) దగ్గర ఎక్కువసేపు గడుపు. బురద చేరి ఎండని చోట్లు అవే. ఎక్కడైనా కొత్త నల్ల పెయింటు కనిపిస్తే అక్కడ ఇంకో నాలుగు దెబ్బలు ఎక్కువ వెయ్యి.

కొండదారి
మాది పాడేరు సైడే. మా దగ్గర ఎంఎం540 అని చెప్పి అమ్మే బండ్లన్నీ ఎంఎం540లు కావు. మహీంద్రాదే పొడుగు జీపు కమాండర్ ఛాసిస్‌ని మధ్యలో కోసి, వెల్డింగ్ కొట్టి, పొట్టి జీపు చేసినవి ఉన్నాయి. టేపు పెట్టి ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి కొలువు. 91 అంగుళాలు రావాలి. కొలత కరెక్టుగా వచ్చినా ఛాసిస్ పొడుగునా వెల్డింగ్ అతుకు ఉందేమో చూడు.

ఇంకోటి. షేర్ జీపులుగా తిప్పిన వాళ్ళు ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (ముందు చక్రాలకి శక్తి తీసుకెళ్ళే కడ్డీ) విప్పేసేవాళ్ళు, డీజిల్ మిగులుతుందని. కొందరు ముందు హౌసింగ్, అంటే ఇరుసు గొట్టంలోని సామాను కూడా అమ్ముకున్నారు. బయటికి ఫోర్ బై ఫోర్ లాగే ఉంటుంది, లోపల ఖాళీ.

పొలం_పిల్లాడు
ఫోర్ బై ఫోర్‌గా పుట్టిందో తర్వాత చేశారో ఎలా తెలుస్తుంది?

కొండదారి
కింద పడుకుని వెనక హౌసింగ్ చూడు. ఈ బండ్లలో ఉండేది స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేసు, గేర్ బాక్సు నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె. దాని నుంచి షాఫ్టులు కుడిపక్క నుంచి బయటికి వస్తాయి. అందుకని డిఫరెన్షియల్ గుండు ముందూ వెనకా రెండూ కుడివైపే ఉంటాయి. వెనక గుండు సరిగ్గా మధ్యలో ఉందంటే అది టూ వీల్ డ్రైవ్ హౌసింగ్. అప్పుడు అమ్మేవాణ్ణి గట్టిగా అడగాలి.

లో_గేర్_లక్ష్మి
కొండదారి గారు చెప్పింది కరెక్టు. దానికి తోడు ఫోర్ వీల్ పట్టుకుంటోందో లేదో ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండానే చూడొచ్చు. చదునైన నేల మీద మిగతా మూడు చక్రాలకీ ముందూ వెనకా రాళ్ళు పెట్టి, ముందు చక్రం ఒక్కటి జాకీ మీద లేపు. లాకింగ్ హబ్బులుంటే (ముందు చక్రాన్ని ఇరుసుకి కలిపేవి) లాక్‌లో పెట్టు. ట్రాన్స్‌ఫర్ లివర్ టూ వీల్‌లో ఉంటే ఆ చక్రం చేత్తో తిరుగుతుంది. ఫోర్ వీల్‌లో వేస్తే బిగుసుకుపోవాలి. అప్పుడూ హాయిగా తిరుగుతోందంటే హబ్బు నుంచి ట్రాన్స్‌ఫర్ కేసు దాకా ఎక్కడో తెగింది, లేదా అసలు సామానే లేదు.

విశాఖ_వీల్స్
జిప్సీ చూడొచ్చుగా? తేలిక బండి, పెట్రోలు, స్టార్టింగ్ బాధ లేదు. నా 1300 జిప్సీ ఘాట్ మీద ఏ జీపునైనా దాటేస్తుంది.

బెజవాడ_బేరింగు
@విశాఖ_వీల్స్ జిప్సీ మంచి బండే, కాదనను. కానీ మీ వైజాగ్ బండ్లకి సముద్రం గాలి. ఫ్లోరు, అద్దం ఫ్రేము అడుగు, ముందు చక్రాల దగ్గరి నకుల్ సీళ్ళు చూస్తే ఏడుపొస్తుంది. పైగా ఇప్పుడు బంకుల్లో ఇచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. కార్బురేటర్ జిప్సీ అయితే పాత రబ్బరు పైపులు, గాస్కెట్లు మొత్తం మార్చుకోవాలి.

విశాఖ_వీల్స్
పైపులు మార్చడం ఒక పూట పని. మీ ఎక్స్‌డీపీకి హీటర్ ప్లగ్గులు మార్చుకునే లోపు అయిపోతుంది.

డాలస్_తెలుగోడు
తుప్పు మాట వచ్చింది కాబట్టి. ఇక్కడ నా దగ్గర పాత జీప్ చెరోకీ ఎక్స్‌జే ఉంది, 4 లీటర్ల సిక్స్ సిలిండర్. అమెరికాలో ఉత్తరాది బండి కొనాలంటే అందరికీ భయమే, మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి. ఎక్స్‌జేకి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. తుప్పు పడితే బండి మొత్తానికి పట్టినట్టే. నేను టెక్సాస్ బండి కావాలని వెతికి మరీ తీసుకున్నది అందుకే. ఎంఎం540కి విడిగా నిచ్చెన లాంటి ఛాసిస్ ఉండడం పెద్ద వరం. బాడీ ఎత్తి పక్కన పెట్టి కింద అంతా శుభ్రంగా చేసుకోవచ్చు.

నిజాం_నట్టు
అందరూ ఇనుము గురించే మాట్లాడుతున్నారు. చనిపోయిన మనిషి పేరు మీద ఆర్‌సీ, అదీ లాప్స్ అయిన ఆర్‌సీ. దీనికి ఎవరి దగ్గరైనా జవాబుందా?

ఫారం_30
ఉంది. ఆర్టీవో ఆఫీసు పనులు చూసే అనుభవంతో చెబుతున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

ఓనరు చనిపోతే వారసుడి పేరు మీదికి మార్చడానికి ఫారం 31. మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మిగతా వారసుల నిరభ్యంతర పత్రం కావాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తల్లి ఎవరున్నా సంతకం పెట్టాల్సిందే. ఒక్కరు పెట్టకపోయినా బండి అక్కడే ఆగుతుంది. ఆ తర్వాతే ఆయన మీకు అమ్మడం, దానికి ఫారం 29, ఫారం 30. ఆర్‌సీ మీద పాత ఫైనాన్స్ ఎంట్రీ ఉందేమో కూడా చూడండి, ఉంటే ఫారం 35 కావాలి.

రెన్యువల్‌కి ఫారం 25. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్ళు దాటిన కారు, జీపులకి ఫీజు 600 నుంచి 5,000 చేశారు. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటినవాటికి 10,000 చేశారు. ఈ బండి ఆ లెక్కలోకే వస్తుంది. గడువు దాటిన ప్రతి నెలకీ 500 అదనం. గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ వేరే.

ఇప్పుడు అసలు చిక్కు. రెన్యువల్‌కి బండిని ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలి. లైట్లు, బ్రేకులు, హారన్ అన్నీ పని చెయ్యాలి, ఛాసిస్ నంబరు చదవగలగాలి. అంటే బండి పూర్తిగా బాగయ్యాకే రెన్యువల్. బాగయ్యే దాకా మీరు పెట్టే ప్రతి రూపాయీ ఇంకొకరి పేరు మీద ఉన్న బండి మీదే పెడుతున్నారు. మధ్యలో అమ్మేవాళ్ళింట్లో మాట మారితే ఆ డబ్బు సంగతేంటి?

అందుకని డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వద్దు. ఫారం 31 పని ఆయన చేత చేయించండి. బండి తెచ్చుకునే రోజు కొంత, మీ పేరుకి మారిన రోజు మిగతాది అని స్టాంపు పేపరు మీద రాసుకోండి. ఏ పని ముందు, ఏది వెనక అన్నది ఆ ఆర్టీవో ఆఫీసుకే బండి నంబరు పట్టుకెళ్ళి ముందే అడగండి.

నిజాం_నట్టు
చూశారా. ఈ తతంగమంతా లేకుండా బండి కొనుక్కోమంటున్నా నేను. ప్రభుత్వ వేలంలో డిపార్ట్‌మెంట్ జీపులు వస్తాయి, అమ్మేది సర్కారే, వారసుల గొడవే ఉండదు.

ఫారం_30
అది ఇంకా ప్రమాదం. 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు, నేరుగా తుక్కు కేంద్రానికే పోవాలి. అలాంటి బండి ఎవరైనా అమ్ముతున్నారంటే కాగితాలు రెండుసార్లు చదవండి. సామాను కోసం కొంటే కొనండి గానీ రోడ్డు మీద తిప్పే ఆశతో వద్దు.

నిజాం_నట్టు
ఇది నాకు తెలియని సంగతి. థాంక్స్ అన్నా.

గోదారి_గట్టు
వెళ్ళొచ్చాను. లక్ష్మి గారు చెప్పిన సామానంతా పట్టుకెళ్ళా.

కొలత 91 అంగుళాలు సరిగ్గా వచ్చింది. గుండ్లు రెండూ కుడివైపే ఉన్నాయి. ఛాసిస్ పొడుగునా అతుకు లేదు. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ మాత్రం లేదు! అడిగితే కాఫీ గింజల బస్తాల వెనక నుంచి తెచ్చి చూపించారు. దాని చివర్ల ఉండే క్రాసులు (జాయింట్లు) బిగుసుకుపోయాయి, షాఫ్ట్ తిన్నగానే ఉంది.

షాఫ్ట్ లేదు కాబట్టి జాకీ పరీక్ష కుదర్లేదు. బావమరిది బండి కిందికి దూరి ట్రాన్స్‌ఫర్ కేసు ముందు ఫ్లాంజిని చేత్తో తిప్పాడు. టూ వీల్‌లో తిరిగింది. లివర్ ముందు అస్సలు కదల్లేదు, కిందున్న లింకుకి డీజిల్ కొట్టి కాసేపు ఆగాక పడింది. ఫోర్ వీల్‌లో వేశాక ఫ్లాంజి కదల్లేదు.

సుత్తి కథ. ముందు నుంచి మధ్య దాకా ఖంగుమంటూనే వచ్చింది. వెనక క్రాస్ మెంబర్ దగ్గర సుత్తి లోపలికి దిగిపోయింది. పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఎడమ వెనక కమాను బ్రాకెట్ కూడా పల్చబడింది, కుడిది గట్టిగానే ఉంది.

ఛాసిస్ నంబరు మీద తుప్పు పొర ఉంది. కిరసనాయిలు రాసి, బ్రష్ కొట్టి, పైన కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అన్ని అంకెలూ వచ్చాయి. ఆర్‌సీతో కలిసింది. ఇంజిన్ నంబరూ కలిసింది. ఇంజిన్ మాత్రం తిరగట్లేదు. ఆయనకి ఇద్దరు అక్కలున్నారు, ఒకరు వైజాగ్‌లో, ఒకరు జైపూర్‌లో.

పొలం_పిల్లాడు
ఒరిస్సా జైపూరా, రాజస్థాన్ జైపూరా? సంతకానికి బస్సా, రైలా అనేది దాన్ని బట్టే 😀

గోదారి_గట్టు
ఒరిస్సాదే. బస్సే.

బెజవాడ_బేరింగు
క్రాస్ మెంబర్ పోవడం పెద్ద విషయం కాదు, కొత్తది కట్ చేసి వేస్తారు. బ్రాకెట్ దగ్గర మాత్రం జాగ్రత్త. రేకు ముక్క పైన అతికించే పని ఒప్పుకోకు. తుప్పు తిన్న భాగం కోసేసి, మంచి ఇనుము కనిపించే దాకా వెళ్ళి, ఛాసిస్ మందానికి సరిపడే ప్లేటు లోపల్నుంచి వేయించు. బాడీ దించాకే వెల్డింగ్. ముందు కుడి ఎడమ కర్ణాలు (మూల నుంచి ఎదురు మూలకి) కొలిచి రాసుకో, వేడికి ఛాసిస్ లాగేస్తుంది.

నంబర్లు రెండూ కలిశాయంటే నా లెక్కలో సగం బండి బాగున్నట్టే.

లో_గేర్_లక్ష్మి
ఇంజిన్‌ని సెల్ఫ్ కొట్టి తిప్పొద్దు, తోసి గేర్‌లో వదలనే వద్దు. రింగులు లైనర్‌కి అంటుకుని ఉంటే విరిగిపోతాయి. ఇంజెక్టర్లు విప్పి, ప్రతి సిలిండర్‌లో డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి కొంచెం కొంచెం పొయ్యండి. కొన్ని రోజులు అలా వదిలేసి, క్రాంక్ పుల్లీ నట్టుకి పెద్ద స్పానర్ పెట్టి చేత్తో ముందుకీ వెనక్కీ వెంట్రుకవాసి కదపండి. బలం పెట్టొద్దు, మళ్ళీ నానబెట్టండి. కదలడం మొదలుపెట్టాక కూడా ఇంజెక్టర్లు లేకుండానే తిప్పి లోపలి ఆయిల్ బయటికి పోనివ్వాలి. అది ఉండగా ఇంజెక్టర్లు బిగించి తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

అన్నట్టు, రేడియేటర్‌లో వాగు నీళ్ళు పోసి తిప్పారా అని అడిగారా? ఈ ఇంజిన్‌లో లైనర్ల చుట్టూ నేరుగా నీళ్ళే తిరుగుతాయి. మామూలు నీళ్ళతో ఏళ్ళ తరబడి నడిపితే లైనర్ బయట గుంటలు పడతాయి. ఎలాగూ విప్పుతారు కదా, లైనర్ బయటికి తీసి వేలితో తడిమి చూడండి.

వేగం_వద్దు
ఇంత కష్టపడి ఎక్స్‌డీపీనే ఎందుకు? అది తీసేసి కొత్త డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజిన్ వేసుకుంటే లాగుడు బాగుంటుంది, మైలేజీ బాగుంటుంది. ఎత్తు పెంచి పెద్ద టైర్లు కూడా వేస్తే లుక్ అదిరిపోతుంది.

ఫారం_30
ఇంజిన్ మార్చాలంటే ముందే ఆర్టీవో అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించాలి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ బండికి ఇప్పుడున్న పెద్ద బలం రెండు నంబర్లూ కలవడం. రెన్యువల్ ముందు దాన్ని చేజేతులా పోగొట్టుకోవద్దు.

కొండదారి
ఎత్తు సంగతి నేను చెబుతా. ఈ బండికి పుట్టుకతో వచ్చిన టైరు 6.00-16. సన్నగా ఉంటుంది, బురదని కోసుకుంటూ కిందికి పోయి గట్టి నేల పట్టుకుంటుంది. మా కొండల్లో బస్తాలు మోసింది ఆ సన్న టైర్లే. పెద్ద టైర్లు వేస్తే ముందు చెడేది స్టీరింగ్. ఇప్పటికే కింగ్ పిన్ బేరింగులు, రాడ్ ఎండ్లు అరిగి ఉంటాయి, 50 దాటగానే స్టీరింగ్ చేతిలో ఊగిపోతుంది. ముందు అవి మార్చుకో తమ్ముడూ.

వేగం_వద్దు
రెన్యువల్ అయ్యాక చూసుకుందాం లెండి.

నిజాం_నట్టు
గట్టు, నా మాట నీకు నచ్చకపోయినా చెబుతా. ఛాసిస్ బాగుంది, నంబర్లు కలిశాయి, ఒప్పుకుంటా. కానీ లక్షా డెబ్బై అనేది నడిచే బండి ధరలో సగం పైనే. క్రాస్ మెంబర్ లేదు, ఇంజిన్ తిరగదు, అక్కల సంతకాలు రాలేదు. ఈ మూడూ చూపించి బేరం ఆడు.

గోదారి_గట్టు
ఆడాను అన్నా. లక్షా పదికి ఒప్పుకున్నారు. ఊడిన షాఫ్ట్, ఇంకో గేర్ బాక్సు, రెండు పాత రిమ్ములు కూడా ఇస్తామన్నారు. చేతికి పదివేలే ఇచ్చాను, రశీదు రాయించుకున్నా. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌కి ఆయన అప్లై చేశారు. సంతకాలు రాగానే నలభై ఇచ్చి బండి కదిలిస్తా, మిగతా అరవై నా పేరుకి మారాకే.

ఫారం_30
ఇది పద్ధతి. ఒప్పందంలో ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రెండూ రాయండి. అక్కలిద్దరూ సాక్షులుగా సంతకం పెడితే ఇంకా మంచిది. పేరు మారకపోతే ఇచ్చిన డబ్బు, బిల్లులున్న మేరకు రిపేరు ఖర్చు తిరిగి ఇవ్వాలని ఒక లైను తప్పకుండా ఉండాలి. ప్రతి బిల్లూ దాచండి.

గోదారి_గట్టు
రాయిస్తా. బండిని ఘాట్ దింపడం ఎలా? తాడు కట్టి లాక్కొస్తే సరిపోతుందా?

కొండదారి
వద్దే వద్దు. రిజిస్ట్రేషన్ లేని బండి, నాలుగు డ్రమ్ములూ ఆరేళ్ళ తుప్పు, బ్రేకు పట్టదు. పాడేరు ఘాట్‌లో తాడు మీద దింపితే ముందు బండినీ గుద్దుతుంది, పక్కనున్న లోయా పిలుస్తుంది. రాజమండ్రి వైపు ఖాళీగా వెళ్ళే డీసీఎం లారీ మాట్లాడుకో. గట్టు పక్కన ఆపి పలకలు వేసి ఎక్కించొచ్చు. ఎక్కించేటప్పుడు చక్రాలు తిరగకపోతే డ్రమ్ము మీద సుత్తితో చుట్టూ తట్టు, లైనింగ్ వదులుతుంది. డేట్ చెప్పు, నేను కూడా వస్తా. మా ఇంటి నుంచి దగ్గరే, మనుషుల్ని కూడా తెస్తా.

బెజవాడ_బేరింగు
గేర్ బాక్సు రెండోది ఇస్తున్నారు కాబట్టి రెండూ విప్పి చూడకుండా కొత్త సామాను ఏదీ కొనొద్దు. ఈ నాలుగు గేర్ల బాక్సులో ముందు అరిగేది రెండో గేర్ సింక్రో (గేర్ సాఫీగా పడేలా చేసే రింగు), రెండిట్లో ఏది బాగుంటే అది వాడు. ట్రాన్స్‌ఫర్ కేసు విప్పాక మధ్య షాఫ్ట్, దాని బేరింగుల ఫోటోలు ఇక్కడ పెట్టు. షాఫ్ట్ మీద గోటికి తగిలే గాడి ఉంటే మార్చాల్సిందే. దాని సామాను నేను ఆటోనగర్‌లో కనుక్కుని చెబుతా.